సెల్విన్ థర్కెటిల్ పట్టిన కర్ర

సెల్విన్ థర్కెటిల్ నలభై ఏళ్ళు కాలవల శాఖలో పొక్లెయినర్ నడిపాడు. మా గ్రిమ్‌హోమ్ చుట్టూ ఉన్న బురద నేలల్లో ఏ కాలవ ఎక్కడ పూడుతుందో, ఏ గట్టు ఎప్పుడు జారుతుందో ఆయనకి తెలిసినంతగా దేవుడికి కూడా తెలియదు. దేవుడు ఇంగ్లండులో మా లింకన్‌షైర్ వైపు చూసి చాలాకాలమైందని మా ఊళ్ళో ఒక నమ్మకం. రిటైరైన రోజున శాఖవాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చారు. మేకుకి తగిలించిన మర్నాడే అది ఆగిపోయింది. "నన్ను చూసి నేర్చుకుంది," అన్నాడు సెల్విన్.

ఆ తర్వాత ఆయనకి పూర్వీకుల పిచ్చి పట్టింది.

అందరికీ పట్టేదే. నేను జిల్లా పాత రికార్డుల ఆఫీసులో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాను. రిటైరైన మగవాడు తోటపనితో విసిగి, భార్య తనతో విసిగాక, మా గుమ్మం ఎక్కుతాడు. వచ్చిన ప్రతివాడికీ ముత్తాతకి ముత్తాత గుర్రం మీద కత్తితో కనిపించాలి. ఆ కాలంలో గుర్రమెక్కినవాళ్ళు ఊరికి ఒకరు, పేడ ఎత్తినవాళ్ళు రెండు వందలమంది. ఈ లెక్క మేం ఎవరికీ మొదటిరోజే చెప్పం.

సెల్విన్ అప్పటికే సముద్రపు ఒడ్డున తిరనాళ్ళలో ఒక కప్పు కొనుక్కున్నాడు. దాని మీద థర్కెటిల్ వంశపు డాలూ, రెండు సింహాలూ ఉన్నాయి. పక్క వరసలో స్మిత్ కప్పుల మీద కూడా అవే రెండు సింహాలు ఉన్నాయని ఆయన భార్య మేవిస్ చెప్పింది. ఆయన వినలేదు.

కానీ సెల్విన్‌కి నిజంగా కావలసింది సింహాలు కాదు. కర్ర.

ఈస్టర్ వెళ్ళిన అయిదో ఆదివారం మా ఊరంతా కలిసి ఊరి హద్దు వెంట నడుస్తుంది. బెరడు ఒలిచిన తెల్లటి విల్లో కర్ర పట్టుకుని ముందు ఒకరు నడుస్తారు. ప్రతి హద్దు రాయినీ కర్రతో కొడతారు. తర్వాత, ఊళ్ళోకి అందరికంటే ఆఖరున వచ్చి చేరినవాడిని నలుగురు ఎత్తి, పిర్రలు రాయికి ఆనేలా మూడుసార్లు మోపుతారు. హద్దు ఎక్కడుందో బుర్రకి ఎక్కకపోయినా అక్కడికైనా ఎక్కుతుందని. కర్ర మాత్రం ఊళ్ళో అన్నిటికంటే పాత కుటుంబానిది. తండ్రి నుంచి కొడుక్కి, తెగకుండా వచ్చిన వంశమై ఉండాలని చర్చి పుస్తకంలో రాసుంది. రాసినవాడు మా ఊరి డ్రింగ్ కుటుంబపు ముత్తాత. కర్ర పట్టేదీ డ్రింగులే.

1961లో సెల్విన్ తండ్రి, మూడో రాయి దగ్గర, "ఈ ఊళ్ళో మేం మీకంటే పాత," అని కర్ర మీద చెయ్యి వేశాడు. అప్పటి డ్రింగు ఆయన్ని పక్కనున్న పొడుగు కాలవలోకి తోశాడు. ఆయన పైకొచ్చాడు గాని ఆయన కొత్త టోపీ రాలేదు. ఊరంతా నవ్వింది. ఎనిమిదేళ్ళ సెల్విన్ చూశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ తండ్రి ఊరేగింపు తోకలో నడిచాడు, బోడి తలతో. సెల్విన్ ఉద్యోగంలో చేరాక ఆ కాలవ పూడిక తీసిన ప్రతిసారీ తొట్టిలో బురదని చేత్తో కెలికి చూసేవాడట. నాలుగు సైకిళ్ళూ, ఒక కుట్టుమిషనూ దొరికాయి.

"ఒక్కసారి, తల్లీ," అన్నాడు మొదటిరోజే నాతో. "ఒక్క ఏడాది నేను ముందు నడవాలి. తర్వాత ఆ కర్రని క్లిఫర్డ్ పొయ్యిలో పెట్టుకున్నా సరే."

క్లిఫర్డ్ అంటే ఇప్పటి డ్రింగు. కూరగాయల రైతు, డెబ్భై రెండేళ్ళు, తన వంశవృక్షం చట్రం కట్టించి హాల్లో వేలాడదీసుకున్నాడు. అది 1402 దాకా వెళుతుంది. సెల్విన్ దానికంటే వెనక్కి వెళ్ళాలి.

వెళ్ళే దారి ఒకటే: దొరగారి కచేరీ చుట్టలు. ఆ రోజుల్లో మూడు వారాలకోసారి దొర తరఫున దివాను కచేరీ పెట్టేవాడు. ఎవరి పంది ఎవరి చేలో పడింది, ఎవరి పొలం ఎవరి చేతిలోకి పోయింది, అంతా గుమాస్తా గొర్రె తోలు మీద లాటిన్‌లో రాసి చుట్ట చుట్టేవాడు. లాటిన్ నాకు వచ్చు. సెల్విన్‌కి మూడు మాటలు వచ్చు, అందులో రెండు తప్పు.

మా ఆఫీసులో పెన్ను కూడదు, పెన్సిలే. చేతులు పొడిగా ఉండాలి. గుసగుసగా మాట్లాడాలి. పొక్లెయినర్ ఇంజను మీద మాట్లాడి అలవాటైన మనిషి గుసగుస ఎలా ఉంటుందంటే, ఆయన "దొరికాడా?" అని అడిగితే మూడు బల్లల అవతల ఒక పెద్దావిడ "లేదు నాయనా, మాది ఇంకా దొరకలేదు," అని జవాబు చెప్పింది.

రెండేళ్ళు అలా గడిచాక, ఒక మంగళవారం, 1312 నాటి చుట్టలో రాల్ఫ్ థర్కెటిల్ దొరికాడు. పందులు దొరగారి బఠాణీ చేలో పడ్డందుకు జరిమానా.

"గుర్రం?" అన్నాడు సెల్విన్.

"పందులు."

"ఎన్ని?"

"మూడు. తర్వాతి కచేరీలో అయిదు. ఆ తర్వాత దివానుని బూతులు తిట్టినందుకు."

"మా నాన్న పోలిక," అన్నాడు తృప్తిగా.

ఇక్కడ తప్పు చేసింది నేను. ఆ సాయంత్రం 'మూడు బాతులు' పబ్బులో రెండు గ్లాసుల సైడర్ పుచ్చుకుని, 1402 కంటే 1312 తొంభై ఏళ్ళు పెద్దదని అందరి ముందూ చెప్పేశాను. లెక్కలో తప్పులేదు. కర్ర ఎవరిదో తేల్చే ఊరి సంఘంవాళ్ళు అక్కడే ఉన్నారు, అక్కడే చేతులెత్తి ఓటేశారు. ఈ ఏడు కర్ర థర్కెటిల్‌ది. క్లిఫర్డ్ తన గ్లాసు సగంలో వదిలేసి లేచాడు.

"పందులవాళ్ళకి కర్ర ఇవ్వడం సబబే. తోలుకోవడానికి పనికొస్తుంది," అన్నాడు గుమ్మం దగ్గర.

తండ్రి నుంచి కొడుక్కి తెగకుండా రావాలి కదా, మధ్యలో అతుకులు కూడా రాసి ఇస్తానన్నాను. ఆదివారానికి నాలుగు రోజులుందనగా 1350 చుట్ట విప్పాను. ప్లేగు మహమ్మారి ఊడ్చిపెట్టిన మరుసటి ఏడు. సగం పేర్ల పక్కన "చనిపోయెను" అనే ఉంది. థర్కెటిల్ మగవాళ్ళు ముగ్గురూ అందులోనే. మిగిలింది ఆగ్నెస్ అనే కూతురు. ఆమె కచేరీకి వచ్చి, ఆనాటి ఆచారం ప్రకారం దివాను పట్టిన కర్ర రెండో కొస పట్టుకుని, తండ్రి పొలం తన పేర తీసుకుంది. పొలం బీడు పడకూడదు, మొగుణ్ణి చూసుకో అన్నాడు దివాను. ఒక పేరు కూడా తనే చెప్పాడు. ఆగ్నెస్ వద్దంది. తర్వాతి కచేరీకి తనే ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చింది: వెల్డ్‌బీ నుంచి వచ్చిన పరాయివాడు, ఆడమ్. అన్న హ్యూతో కలిసి పనికోసం వచ్చాడు. ఆగ్నెస్ పొలం దున్నుతున్నన్నాళ్ళూ ఆమె ఇంటిపేరే పెట్టుకోవాలని షరతు.

అన్నదమ్ముల ఇంటిపేరు డ్రింగ్.

ఇల్లరికం. పాతికేళ్ళ సర్వీసున్న దాన్ని, ఆ రోజుల్లో పొలం ఎటు పోతే ఇంటిపేరు దాని వెంట కుక్కలా పోయేదని తెలిసిన దాన్ని, సైడర్ మత్తులో మర్చిపోయాను.

సెల్విన్‌ని పిలిచి చదివి వినిపించాను. ఆయన జీవితంలో మొదటిసారి నిజంగా గుసగుసలాడాడు.

"అంటే నేను డ్రింగునా?"

"తండ్రి నుంచి కొడుక్కి అయితే, అవును. క్లిఫర్డ్ ఆ హ్యూ సంతానం. ఆయన చట్రం 1402 దగ్గర ఆగింది గాని, అన్నదమ్ములిద్దరూ 1350లోనే ఊళ్ళోకి వచ్చారు."

"ఇది ఇంకెవరు చూశారు?"

"గుమాస్తా చూశాడు. ఆయన చెప్పడు."

సెల్విన్ ఆ గొర్రె తోలుని నా వైపు నెట్టాడు. "చుట్టేసెయ్, హెస్టర్."

"చుట్టడం నా ఉద్యోగం, చుడతాను. ఎవరైనా అడిగితే మాత్రం విప్పడం కూడా నా ఉద్యోగమే."

"అడిగేదెవరు? క్లిఫర్డ్‌కి లాటిన్ వచ్చా?"

రాదు. నేను చుట్టేశాను.

ఆదివారం ఎండ కాసింది, మా ఊళ్ళో అది అనుమానించాల్సిన సంగతే. చర్చి ముందు క్లిఫర్డ్ కర్ర తెచ్చి సెల్విన్ చేతిలో పెట్టాడు, చచ్చిన పాముని అందించినట్టు. సెల్విన్ పెళ్ళినాటి సూటు వేసుకున్నాడు. గుండీలు ఊపిరి బిగబట్టి ఉన్నాయి. మొదటి రాయి కొట్టాడు. ఈ ఏడు కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టర్ని ఎత్తి మోపారు. రెండో రాయి దగ్గర ఆయన్నే మళ్ళీ మోపారు. "చాలండీ, గుర్తుంటుంది," అన్నాడు పాపం.

నా పక్కన నడుస్తున్న మేవిస్ అడిగింది: "ఏం చెప్పావ్ మా ఆయనకి? మూడు రోజులుగా తనకి ప్రాణమైన పోర్క్ పై వంటకం ముట్టుకోలేదు. డాక్టరు ఏదో చెప్పాడేమో అనుకుని నేను వీలునామా ఎక్కడుందో వెతికాను."

నేను చేతిలోని ప్లమ్ బ్రెడ్ ముక్క నోట్లో కుక్కుకున్నాను.

మూడో రాయి పొడుగు కాలవ గట్టున ఉంది. సెల్విన్ కర్ర ఎత్తాడు. దించలేదు. నీళ్ళవైపు చూశాడు.

"క్లిఫర్డ్, ఇటు రా."

"ఎందుకు, తోస్తావా?" అన్నాడు క్లిఫర్డ్, కాని వచ్చాడు.

సెల్విన్ మొత్తం చెప్పేశాడు. పొక్లెయినర్ గొంతుతో చెప్పాడు కాబట్టి పక్క ఊరికి కూడా తెలిసి ఉంటుంది. మహమ్మారి, ఆగ్నెస్, కర్ర కొస, వెల్డ్‌బీ అన్నదమ్ములు. "హెస్టర్ దగ్గర చుట్ట ఉంది. మీ రూలు ప్రకారం నేను థర్కెటిల్‌ని కాను. ఈ కర్ర నాది కాదు. కానీ మా నాన్న పడ్డ చోట అబద్ధంగా నిలబడలేకపోయాను. అంతే."

ముందుగా కాలవలో ఒక బాతు మాట్లాడింది.

"సగం దూరం పట్టుకుని నడిచాకా చెప్పేది?" అన్నాడు క్లిఫర్డ్.

"రెండు రాళ్ళే కదా."

"అంటే మా తాత తోసింది సొంతవాణ్ణా?"

"అలాగే ఉంది."

క్లిఫర్డ్ మొహం ఎర్రబడింది. "అయితే కర్ర ఎవరిది మరి? నువ్వు డ్రింగువే అయితే, డ్రింగులు పరాయి ఊరివాళ్ళే అయితే..."

"కాసేపు పట్టుకో," అని సెల్విన్ కర్రని మేవిస్ చేతికి ఇచ్చి, జేబులో నేను రాసిచ్చిన తర్జుమా కాగితం కోసం వెతకసాగాడు.

మేవిస్ కర్రని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "నాకొకటి అర్థం కాలేదు. 1312లో ఉన్నది ఆ పందుల పెద్దమనిషి. ఆయన ఇంటి పిల్ల ఆ ఆగ్నెస్. మీ ఇద్దరి తాతలూ బయటినుంచి వచ్చి చేరినవాళ్ళు. ఇదంతా మీరే చెప్పారు, నేను కాదు."

"ఆ," అన్నారు ఇద్దరూ.

"మరి ఆ బయటివాళ్ళ వంశంలో ఎవరినైనా ఎప్పుడైనా మోపారా రాయి మీద?"

క్లిఫర్డ్ అడుగు వెనక్కి వేశాడు, కాని వెనక పళ్ళ డాక్టర్ ఉన్నాడు. అంత ఉత్సాహంగా ఒక పళ్ళ డాక్టర్ కోటు విప్పడం నేను ఎన్నడూ చూడలేదు. ముందు క్లిఫర్డ్‌ని, తర్వాత సెల్విన్‌ని. మూడేసిసార్లు. రెండోసారికి సెల్విన్ పాంటు కుట్టు ఊడింది. మా పాస్టరమ్మ పుస్తకంలో మొహం దాచుకుని ఏదో ప్రార్థన చదివింది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

దించేసరికి మేవిస్ నాలుగో రాయి దారిలో ఇరవై గజాలు వెళ్ళిపోయింది. ఊరు ఆమె వెనక.

"మేవిస్, కర్ర," అని అరిచాడు సెల్విన్.

"వెనక రండి," అంది తిరగకుండానే.

వాళ్ళిద్దరూ తోకలో పడ్డారు. నేను కాలు నొప్పి అని చెప్పి వాళ్ళ ముందు మెల్లగా నడిచాను. కాలు నొప్పి లేదు, వినాలని.

చాలాసేపు క్లిఫర్డ్ పిర్ర రుద్దుకుంటూ నడిచాడు. తర్వాత అన్నాడు: "మా తాత ఆ రోజు ఇంటికొచ్చి నవ్వలేదు. అన్నం తినలేదు. నాకు పదేళ్ళు, గుర్తుంది. చీకటి పడకముందే మళ్ళీ వెళ్ళి గాలం కర్రతో మీ నాన్న టోపీ తీసుకొచ్చాడు. పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. తిరిగి ఇవ్వడానికి మొహం చెల్లలేదు."

సెల్విన్ ఆగిపోయాడు. "ఏమైంది ఆ టోపీ?"

"మా గరాజులో ఉంది. పెట్టెలో. చిమ్మెటలు కొంచెం తిన్నాయి."

"క్లిఫర్డ్. నేను నలభై ఏళ్ళు ఆ కాలవ తవ్వాను."

"చూశాను," అన్నాడు క్లిఫర్డ్. "మా కిటికీలోంచి కనిపించేది. తవ్విన ప్రతిసారీ, రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి."

సెల్విన్ ఆయన వైపు చూశాడు. పొడుగు కాలవ పక్కనే ఉంది, నిండుగా ఉంది, చుట్టూ నేను తప్ప ఎవరూ లేరు. చెయ్యి ఎత్తాడు కూడా.

ఎత్తిన చేత్తో ఊడిన పాంటు కుట్టు పట్టుకున్నాడు. "పద, గరాజు వైపు," అన్నాడు. "ముందు టోపీ. తర్వాత ఆలోచిద్దాం తోయాలో వద్దో."