కాల్చని రాయి

మా భూగర్భశాస్త్రం సారు ఏ రాయి చేతికొచ్చినా ముందు నోటితో ఆవిరి ఊది వాసన చూసేవారు. ఆయనది చెరుకు పండే బోధన్. నిజామాబాద్ కాలేజీలో మాకు పొరలు పొరలుగా ఉండే నల్ల షేల్ రాయి గురించి పాఠం చెబుతూ ఆయన బెల్లం దగ్గర మొదలుపెట్టారు.

"చెరుకు రసం మసులుతుంటె బెండ జిగురు ఎందుకు పోస్తరు బేటా? మురికిని పట్టుకుంటదని. సముద్రం అడుగున కుళ్ళిన నాచు గూడ గట్లనే లోహాన్ని పట్టుకున్నది. అదే గట్టిపడి గీ రాయైంది. లోహం కండ్లకు కనవడదు. ముందు కాల్చాలె, అప్పుడే ఇడుస్తది."

నేను ల్యాబులో ఉద్యోగంలో చేరాక, రిటైరైన సారు ఒక నల్ల రాయి తెచ్చి పరీక్షించమన్నారు. సిరికొండ గుట్టల్లో దొరికిందట. పని తొందరలో దాన్ని కాల్చకుండానే పొడి చేసి కొంత యాసిడ్‌లో వేశాను. వారం తర్వాత ఆయన వస్తే, "గిండ్ల ఏం లేదు సార్" అన్నాను.

మిగిలిన ముక్కను వాసన చూస్తూ అడిగారు: "కాల్చినవా?"

"కాల్చిన సార్."

"గట్లయితె నా ముక్కే ముసలిదైంది బేటా," అని నవ్వి దాన్ని జేబులో వేసుకున్నారు.

ఆ తర్వాత ఆయన ఏ రాయినీ వాసన చూడలేదని, సారు పోయినప్పుడు ఆయన భార్య చెప్పారు. మర్నాడు ల్యాబులో అప్పుడు మిగిలిన ఆ రాతి పొడిని వెతికి కాల్చాను. వెనేడియం లోహం దండిగా బయటపడింది.