పది రోజులు మా ఇంటి బురద

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కావలసిన ఉప్పునీటి బురదపురుగులను కాకినాడ దగ్గరి మడ అడవిలో తవ్వి తెచ్చినది మా అమ్మే. రొయ్యపిల్లల కేంద్రాలకు, తల్లిరొయ్యల మేతగా, వాటిని అమ్మడం ఆమె వృత్తి. సగం పురుగులను ఆ రోజే ల్యాబుకు చేర్చాను. మరునాటి నుంచి ప్రాజెక్టు చూసే మా మేడమ్ సెలవులో ఉండడంతో మిగిలిన సగాన్ని, మడ అడవి బురదతోనే, మా ఇంటి తొట్టెలో పది రోజులు ఉంచాను.

ఫలితాలు వచ్చిన రోజున మేడమ్ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టారు.

"ఇవి రెండూ ఒకే చోటివేనా అమ్మా?"

"ఒకే గోతిలోవండి."

"మరి ఇంట్లో ఉంచినవాటిలో సీసం ఇన్ని రెట్లు ఎందుకుంది?"

తొట్టెలో ఏం వేశావని అమ్మకు ఫోన్ చేసి అడిగాను.

"నువ్వు తొట్టెలో పోసిన బురదలో సారం అయిపోయిందే. అమ్ముడవ్వని పురుగులకి మార్చినట్టే, రెండ్రోజులకోసారి మన ఇంటెనక ఉప్పుకాలవ బురదేశాను. ఎంత బలిశాయో చూశావా? మీ మేడమ్ గారికి నా పేరు చెప్పు!"

 బురదను మింగి బ్రతికే ప్రాణి ఆ పురుగు. ఉన్నచోటి విషమే దాని తిండి. ఆ సంగతిని పరీక్షలో నాలుగు పేజీలు వ్రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ కాలువలోని దొందు చేపలు అక్కడి ఇలాంటి పురుగులనే తింటాయి. పురిటికి వచ్చిన మా అక్కకు బలమని, అమ్మ రోజూ ఆ దొందుల పులుసే పెడుతున్నది.

నేను ఇల్లు చేరేసరికి అక్క కంచం ముందు కూర్చుని ఉంది.

"అక్కా, తినకు."

"ఏంటే, నీకు ముక్క మిగల్చలేదనా?"

విషయం చెప్పాను. చేపలను ఇంకా ఎవరూ పరీక్షించలేదని కూడా చెప్పాను. అక్క నవ్వు ఆగిపోయింది. అమ్మ ఆమె ముందునుంచి కంచం తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పది రోజులకే వాటి ఒంటికి అంత పట్టిందా?"

"అవునమ్మా."

"మీ అక్క వచ్చి మూణ్ణెల్లయిందే."

మరునాడు ఉదయం కాకినాడ ఆసుపత్రిలో అక్క రక్తపరీక్ష కోసం ముగ్గురం కూర్చున్నాము. అమ్మ ఒడిలో ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో మా మేడమ్‌కు ఇవ్వడానికి నాలుగు పచ్చి దొందులు.