ఎడమ మూల కత్తిరించిన పట్టీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆయుధపూజనాడు మా ల్యాబ్‌లో యంత్రాలకి కుంకుమ బొట్లు పెడుతుంటే నవ్వేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

రెండువేల తొలి ఏళ్లలో బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నా. ఒక ఎంజైమ్ పనిని అడ్డుకునే ప్రోటీన్ ఎలుక కిడ్నీలో ఉందని చూపించాలి. నా ఐదేళ్ల కష్టమూ దానిమీదే. కిడ్నీ సారాన్ని జెల్ గడుల్లో పోసి విడదీసి, కాగితంలాంటి పలుచని పొర మీదికి దింపి, గడికొక పట్టీగా కోస్తాం. ఆ ప్రోటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ ఒకటి దానిమీద వేస్తాం. దాన్ని పట్టుకుని వెలిగేది ఇంకోటి వేస్తాం. ఫిల్మ్ మీద నల్ల గీత పడితే ప్రోటీన్ ఉన్నట్టు.

చిక్కేమిటంటే, మా మొదటి యాంటీబాడీ కూడా ఎలుకలో తయారైందే. రెండోది పొరబడి కిడ్నీలోని ఎలుక సొంత యాంటీబాడీలనే పట్టుకోవచ్చు. అందుకే మొదటిది వెయ్యకుండా ఒక ఉత్తి పట్టీ కూడా నడపాలి. అందులోనూ గీత వస్తే మన గీత అబద్ధం.

ఇది నేర్పింది సరళక్క. కడప మనిషి, నా సీనియర్. ఉత్తి పట్టీ లేనిదే ఏదీ ఒప్పుకునేది కాదు. గుర్తుకోసం దాని ఎడమ మూల కత్తిరించేది. "నీ చాదస్తంతో చంపుతావక్కా" అని ఒకరోజు అందరిముందూ కసిరినాను. ఆ నెలలోనే కామెర్లు ముదిరి అక్క చనిపోయింది. తప్పైపోయిందక్కా అని చెప్పే వీలే లేకపోయింది.

ఏడాది తర్వాత, ఒక శనివారం. సోమవారం నా సెమినార్. కిడ్నీ సారం ఒక్క పట్టీకే మిగిలింది. ఉత్తి పట్టీ మానేశా. జెల్‌లో ఒక్క గడిలోనే సారం పోశా. తర్వాత పొరలోంచి ఆ ఒక్క పట్టీ కోసుకుని మిగతాది చెత్తబుట్టలో వేశా. పట్టీని పాలపొడి నీళ్లలో నానబెట్టి, యాంటీబాడీ కలిపి, డబ్బాని ఊగే పళ్లెం మీద పెట్టి, ఒకటే డబ్బా ఉంది చూస్తుండమని అటెండర్‌కి చెప్పి భోజనానికి పోయినా.

తిరిగొచ్చేసరికి అటెండర్ మునిరత్నమన్న గ్లాసులు కడుగుతున్నాడు.

"ఒకటే అంటివే. రెండు డబ్బాలు ఊగుతా ఉండాయి కదమ్మా."

"ఎవరైనా వచ్చినారా అన్నా?"

"ఎవురూ రాలేదు. నేను ఈడే ఉండాను."

రెండో డబ్బాలో ఉత్తి పాలపొడి నీళ్లు, ఒక పట్టీ. ఎడమ మూల కత్తిరించి ఉంది.

చెత్తబుట్ట తిరగేశా. పారేసిన పొర ఒక పట్టీ వెడల్పు తక్కువుంది. అంచులు ఆనించి చూస్తే సరిగ్గా కలిశాయి. నా పట్టీ పక్కది అది, నేను ఏమీ పోయని గడి.

రెండింటికీ రెండో యాంటీబాడీ వేశా. ఫిల్మ్ కడిగితే రెండింట్లోనూ ఒకే చోట, ఒకే నల్ల గీత. డార్క్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. థీసిస్ కోసమా, అక్క కోసమా అంటే చెప్పలేను.

సెమినార్ ఆపించుకున్నా. కుందేలులో చేసిన యాంటీబాడీ తెప్పించి మళ్లీ మొదలుపెడితే ఇంకో ఏడాదిన్నర పట్టింది. కిడ్నీలో ఆ ప్రోటీన్ లేనే లేదు.

సారం పొంగి పక్క గడిలోకి పోయుంటుందిలే అన్నారు మా గైడ్. పోయుండొచ్చు. మరి పట్టీ కోసిందెవరు?

ఇప్పుడు నా దగ్గర పిల్లలు నేర్చుకుంటున్నారు. ఉత్తి పట్టీ దండగ మేడమ్ అని విసుక్కుంటారు. నేను కసరను. కత్తెర చేతికిచ్చి, ఎడమ మూల అని మాత్రం అంటాను.