మోతి వెతికిన మలీద

మా అమ్మాయి తన కుక్కపిల్ల కోసం ఒక చాప తెప్పించింది. దాని నిండా ఆకుపచ్చ గుడ్డ పీలికలు గడ్డిలా మొలిచి ఉన్నాయి. వాటి మధ్య బిస్కెట్ ముక్కలు దాస్తే కుక్క వాసన పట్టి వెతుక్కుంటుందట. నిన్న సాయంత్రం అది ఆ పీలికల్లో ముక్కు దూర్చి కెలుకుతుంటే కొత్త గుడ్డ వాసన గుప్పుమంది. ఆ వాసనతో పాటే నేను ముప్పై అయిదేళ్ళ కిందటి సిద్దిపేటకు, మా పెరట్లోకి వెళ్ళిపోయాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మోతి నేను పుట్టకముందే మా ఇల్లు చేరిన గోధుమరంగు కుక్క. ఆ వానాకాలం దాని కళ్ళకు పాలపొర కమ్మింది. గడప తట్టుకుని పడేది, గోడకు తల కొట్టుకునేది. చివరికి నీళ్ళ గోళెం పక్కన తడిమట్టిలో ముడుచుకుని, తిండి పెట్టినా లేవడం మానేసింది. ఒకరోజు తమ్ముడు వెనక నుంచి వచ్చి తోక పట్టుకోగానే ఉలిక్కిపడి వాడి చేయి కరవబోయింది. పన్ను దిగలేదు కానీ బాపు, అంటే మా నాన్న, హడలిపోయాడు.

"పండుగ ఎల్లంగనే దుబ్బాకల అక్కోళ్ల చెల్క కాడ ఇడిసిపెట్టొస్త. పోరగాళ్లున్న ఇల్లు ఇది," అన్నాడు.

ఆ చెల్కలో, అంటే మెట్టచేనులో, గట్టు లేని బావి ఉంది. మోతికి అది కనబడదు.

ఏడుస్తూ పక్కింటి చాంద్‌బీ ఖాలా దగ్గరికి పోయాను. ఆమె భర్త దర్జీ. వాళ్ళ అరుగు మీద ఎప్పుడూ రంగురంగుల గుడ్డముక్కలు కుప్పపడి ఉండేవి.

"ఏడిస్తే ఏమొస్తది బిడ్డా? కండ్లు పోయినయి గని, ముక్కు ఏడికి పోయింది? దానికింత పని జెప్పు," అంటూ ఒక సంచి నిండా పీలికలు నింపి ఇచ్చింది.

గంజి వాసన, మిషన్ నూనె వాసన కలిసిన ఆ పీలికల్లో మొదటిరోజు జొన్నరొట్టె ముక్క దాచాను. మోతి కదలలేదు. మరునాడు ఎండుచేప తల దాచాను. చాలాసేపటికి దాని ముక్కుపుటాలు అదిరాయి. మెల్లగా లేచి, ముందుకాళ్ళతో గుడ్డలు తోసి, పట్టుకుంది. ఆ రోజు నేనే అన్నం తినడం మరిచిపోయాను.

అప్పటి నుంచి వేపచెట్టు మొదట్లో, రోటి వెనక, ఎండబెట్టిన కందికట్టెల సందుల్లో ఏదో ఒకటి దాచేదాన్ని. మోతి గాలిని చదువుకుంటున్నట్టు తల ఎత్తి, దించి, తోక ఊపుకుంటూ పెరడంతా తిరిగేది. ఇంతలో బతుకమ్మ వచ్చింది. తంగేడు, గునుగు, సీతజడ పూలతో ఇల్లంతా పచ్చివాసన. అమ్మ వేడి రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు కడుతుంటే చేతులకంటిన తీపి వాసన సాయంత్రం దాకా పోయేది కాదు.

పండుగ మరునాడు పొద్దున్నే బాపు తాడు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. బతుకమ్మ పేర్చగా మిగిలిన వాడిన పూలకుప్పలో మోతి మెడదాకా మునిగి ఉంది. చెవుల మీద గునుగు పూలు, మూతికి పసుపురేణువులు.

"ఏం జేస్తున్నది గది?"

"మలీద దాసిన బాపు. ఎతుకుతున్నది."

బాపు దగ్గరికి వచ్చాడు. తర్వాత నా చేతిలోని ముద్దలో కొంచెం తుంచుకుని, కింద కూర్చుని, తన తువ్వాలు మడతలో దాచాడు. మోతి ఆగి, వాసన పట్టి, పూలు రాల్చుకుంటూ నేరుగా వచ్చి ఆయన మోకాలికి ముక్కు ఆనించింది.

బాపు దాని మెడ నిమిరాడు. తాడు దండెం మీద వేశాడు. "పేరు వెట్టి పిలిశినంకనే ముట్టున్రి. తమ్మునికి గూడ జెప్పు," అన్నాడు.

మోతి మరో రెండేళ్ళు మా పెరట్లోనే బతికి, ఒక ఎండాకాలం నిద్రలో పోయింది.

పోయిన బతుకమ్మకు సిద్దిపేట వెళ్ళాను. మా పెరడు ఉన్నచోట దుకాణాల షట్టర్లున్నాయి. కందికట్టెలూ లేవు, వేపచెట్టూ లేదు. ఖాలా కూడా లేదు. ఖాలా కూతురు చాయ్ ఇస్తూ, మా మోతి కంటే ముందే పోయిన తన అమ్మమ్మ సంగతి చెప్పింది: ఆ అమ్మమ్మకు చివరి పదేళ్ళు చూపు లేదట. ఇంట్లో అందరూ ఆమెను మంచం మీద కూర్చోబెడితే, ఖాలా మాత్రం రోజూ చేట నిండా బియ్యం తెచ్చి ఒళ్ళో పెట్టేదట, వేళ్ళతో తడిమి రాళ్ళు ఏరమని.