బుగ్గన గురిగింజ

జహీరాబాద్‌లో ఎండాకాలం సెలవులంటే పిల్లలకు మామిడికాయలు, పెద్దలకు పిల్లల గోల. డెబ్బైల చివర్లో మా ఊరికి వచ్చిన ఒక సైన్స్ సారుకు ఇది నచ్చలేదు. మే నెలలో వారానికి రెండు రోజులు తెల్లారగానే పిల్లలను రాయికోడ్ దిక్కు చెలకల్లోకి నడిపించి చెట్టూ చేమా, పురుగూ పుట్రా చూపించేవాడు. ఒక్కటే షరతు, ఇంటికొక పెద్దమనిషి వెంట రావాలి. "పిల్లలొక్కరే నేర్చుకుంటే ఇంటికి పోంగనే మర్చిపోతరు. అమ్మ గూడ నేర్చుకుంటే యాది చేస్తది" అనేవాడు. అందుకని మా అమ్మ కూడా నీళ్ల బిందె చంకనెత్తుకుని వచ్చేది. వచ్చిన ఆడవాళ్లతో కబుర్లాడటమే ఆమె చదువు.

మా గోడకు ఆనుకున్న ఇంటి ఆమెను నేను ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచేదాన్ని. చంటిబిడ్డను వదిలి రాలేక, ఆరేళ్ల కూతురిని నాకు అప్పగించింది. పెద్దమనిషిగా మా అమ్మ ఉంది కదా అని సారు ఒప్పుకున్నాడు. నాకప్పుడు పదకొండేళ్లు. "జర చెయ్యి ఇడువకు బేటీ, నీ మీదనే నా భరోసా" అంది. ఊరి బాధ్యతంతా నా నెత్తినే పెట్టినట్టు తల ఊపాను. ఆ పిల్ల నన్ను ఆపా అనేది, వాళ్లింట్లో అక్కను పిలిచే పిలుపు. నేను ఎటు నడిస్తే అటు నడిచేది.

ఎండలో దూప కాకుండా బుగ్గన చింతగింజ పెట్టుకుని నడవడం మా అమ్మ నేర్పిన ఉపాయం. కొరకకూడదు, చప్పరిస్తూ పోవాలి. ఆ రోజు చెరొక గింజ ఇచ్చింది. సగం దూరం పోయేసరికి ఆ పిల్ల తన గింజను పడేసుకుని ఏడుపు మొదలుపెట్టింది. అమ్మేమో బిందెతో ఎక్కడో వెనక ఉంది. పక్కనే ముళ్లకంచె మీద ఎండిన తీగ, దాని కాయలు విచ్చుకుని లోపల ఎర్రగా, కొసన నల్లగా గురిగింజలు. ఒకటి వొలిచి ఆ పిల్ల బుగ్గన పెట్టాను. "కొరుకొద్దు, చప్పరించాలె" అని పెద్దరికంగా చెప్పాను కూడా.

నాకు గురిగింజ కొత్తది కాదు. మాది బంగారం పనిచేసే ఇల్లు. బాపు చిన్న తరాజులో రవ్వంత బంగారం తూచేటప్పుడు అవతలి పళ్లెంలో గురిగింజలే వేసేవాడు. వాటిని రేకు డబ్బాలో పెట్టి తాళం వేసేవాడు. "డబ్బా ముట్టుకున్నవంటే చేతులు ఇరుగుతయ్" అనేవాడు. గింజలు పోతే తూకం పోతుందని ఆయన భయమనుకునేదాన్ని. బంగారం పక్కన కూర్చునే గింజ చెడ్డదవుతుందని ఏ పిల్లకు తోస్తుంది?

ఇంకాస్త దూరం పోయాక సారు అందరినీ ఆపి అదే తీగను చూపించాడు. "దీన్ని సూడుండ్రి, కానీ నోట్లె పెట్టకుండ్రి. పైతోలు గట్టిది. పగిలి లోపలి పప్పు కడుపులకు పోయిందంటే ఎద్దు గూడ బతుకది. ఇయ్యాల తెల్వది, రెండు మూడు దినాలకు తెలుస్తది" అన్నాడు. ఆడవాళ్లు తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. నేను ఆ పిల్ల నోరు తెరిపించి రెండు బుగ్గల్లో వేలు పెట్టి వెతికాను.

"ఏదీ గింజ?"

"పోయింది."

"ఏడికి పోయింది?"

ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

సారు నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే అందరూ నా వైపు తిరుగుతారు, అమ్మ వింటుంది, ఖాలాకు తెలుస్తుంది, బాపు కొడతాడు. ఇవన్నీ ఆ నాలుగడుగుల్లో నిలబడ్డాయి. "ఎవ్వరికి చెప్పకు" అని ఆ పిల్ల చెవిలో అన్నాను. సరేనంది. ఇంటిదాకా నా చెయ్యి పట్టుకునే నడిచింది, నోటిలో మళ్లీ ఏదైనా పెడతానేమోనని నా ముఖం చూస్తూ.

ఆ సాయంత్రం బాపు కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో నిప్పు ఊదుతుంటే పక్కన చేరాను. "బాపూ, గురిగింజ మింగితే ఏమైతది?"

ఆయన ఊదడం ఆపాడు. "ఎవరు మింగిన్రు?"

"ఎవ్వరు లేరు. సారు చెప్పిండు."

"ఉత్తగ మింగితే ఎట్ల పోయిందో అట్లనే బయటికి వస్తది. కొరికి మింగితే ఇగ ఎవ్వరేం చేయలేరు. డబ్బాకు తాళం ఎందుకేస్తున్న అనుకున్నవ్?" అని మళ్లీ ఊదసాగాడు. తూకం కోసం కాదు, మా కోసం వేసిన తాళమది.

కొరికిందా, లేదా? అది ఆ పిల్లకే తెలుసు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కొరికానంటే ఏం చేయాలి? ఆ రాత్రి గోడవతల దగ్గు వినిపించినా లేచి గోడకు చెవి ఆనించేదాన్ని.

మర్నాడు పొద్దున ఆ పిల్లకు వాంతులు, విరేచనాలు. ఖాలా చంటివాణ్ణి మా అమ్మ ఒళ్లో వేసి, నన్ను తోడు రమ్మని దవాఖానకు పరుగెత్తింది. దారంతా ఆమె బుర్ఖా అంచు పట్టుకుని నేను ఏడుస్తూనే ఉన్నాను. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఏం తిన్నది?" అని అడిగాడు. ఖాలా నా వైపు తిరిగింది.

"నిన్న పొద్దున నీతోనే ఉండె కద బేటీ. ఏం తిన్నది?"

అప్పటికి బాపు మాట నా దగ్గర ఉంది. కొరికి ఉంటే ఎవరేం చేయలేరు, మరి చెప్పి లాభమేంటి? కొరకకపోతే ఏమీ కాదు, మరి చెప్పడమెందుకు? ఇంత లెక్క ఆ ఒక్క క్షణంలో వేశాను.

"మామిడికాయ తిన్నది" అన్నాను. "పచ్చిది. రెండు."

అది నిజం కూడా. గురిగింజ తన నలుపు తానెరగదంటారు. ఎందుకెరగదు? నాకు నాది ఆ దవాఖాన గదిలో తేటగా కనబడింది. కనబడ్డాక కూడా నోరు విప్పలేదు, అదే ఇప్పటికీ నన్ను తినేది.

ఎండ తాకింది, మామిడికాయలు పడలేదు అని డాక్టరు సెలైను ఎక్కించాడు. ఖాలా నీళ్ల కోసం బయటికి వెళ్లినప్పుడు మంచం మీదికి వంగి అడిగాను. "కొరికినవా? నిజం చెప్పు."

పగిలిన పెదవులతో ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "నువ్వే చెప్పినవ్ కద ఆపా, కొరుకొద్దు అని."

నా మాట మీద దానికి అంత నమ్మకం. కానీ ఆరేళ్ల పిల్ల మాట మీద నాకు నమ్మకం లేదు. సారు చెప్పిన మూడు దినాలు గడిచేదాకా ఆ మంచం పక్కనుంచి లేవలేదు. ఆ పిల్ల నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఇంటికి రమ్మని అమ్మ పిలిస్తే మంచం కోడు పట్టుకునేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం అది లేచి కూర్చుని జొన్నరొట్టె కావాలని మారాం చేసింది. నేను దవాఖాన వెనక్కి పోయి కడుపులో ఏమీ లేకపోయినా కక్కుకున్నాను. ఆ ఎండాకాలం మళ్లీ చెలకలకు పోలేదు. కాళ్ల నొప్పులని చెప్పాను.

ఎనభైల చివర్లో ఆ పిల్ల పెళ్లయింది. బీదర్ నుంచి వచ్చిన చుట్టాల మధ్యకు ఖాలా నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది.

"మూడు దినాలు మా పిల్ల మంచం ఇడువలేదు ఈ బేటీ. కన్నతల్లిని, నాకే కన్ను మూతపడ్డది, దీనికి పడలేదు. జర చెయ్యి ఇడువకు అని ఒక్కసారి చెప్పిన. ఇడువలేదు."

పెళ్లికూతురు గోరింట చేతిని నా చేతిలో పెట్టి "ఆపా" అంది. నేను తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుని అందరూ నవ్వారు.