నీళ్ల మీది సింగిడి

పెట్రోలు బంకు ముందు వాన గుంటలో డీజిలు తేలి రంగులు మెరుస్తుంటే, ఇంద్రధనుస్సని మా మనవరాలు చప్పట్లు కొట్టింది. నేను మొహం తిప్పుకున్నాను.

మేము దాన్ని సింగిడి అనేవాళ్లం. పంతొమ్మిది వందల డెబ్బైల చివర, నా చిన్నప్పుడు, జహీరాబాదు పక్కన మా చెరుకు తోట బావిలో, నీళ్లకు కాస్త పైన డీజిలు ఇంజను ఉండేది. దాన్నుంచి డీజిలు ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా నీళ్లలోకి కారి రంగులు తేలేవి. ఆ బావిలోనే నాయనమ్మ చేపలు పెంచేది. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజున, చేప తింటే తన దమ్ము, ఆ ఆయాసం, తగ్గుతుందని ఆమె నమ్మకం.

ఒక ఎండాకాలం నీళ్లు అడుగంటాయి. చేపలు పైకొచ్చి రంగుల కింద నోళ్లు తెరుస్తున్నాయి. సింగిడిని తాగుతున్నాయనుకుని, డబ్బాలోంచి ఒక గ్లాసెడు డీజిలు పోశాను.

మర్నాడే మిరుగు. పొద్దున చూస్తే చేపలన్నీ తెల్లటి పొట్టలతో తేలాయి.

"సింగిడి తాగుతున్నయని నేనే పోసిన నాయనమ్మా" అన్నాను.

ఆమె మెట్టు మీద కూలబడింది. ఆయాసంతో నోరు తెరిచే ఉంది.

"తాగనీకి కాదు బిడ్డా. దమ్ము అందక తెరిచినయి. గది నాకెరుక లేదా?"

నాయన నన్ను కొట్టాడు, చేపల కోసం కాదు, డీజిలు పారబోసినందుకు.

"గా ఇంజను జర బాగు చేయించు కొడుకా" అంది నాయనమ్మ.

"ఇప్పితే వారం బంద్ అయితది. చెరుకు ఎండిపోదా?" అన్నాడు నాయన.

నేను పోసింది ఒక్క గ్లాసెడు. ఇంజను అంతకుముందూ కారింది, నాయనమ్మ పోయాకా కారింది. దాని మీద మాత్రం ఎవరి చెయ్యీ లేవలేదు.