లేవి దాచిన నల్లమందు

లేవి డోన్‌లో లారీ డ్రైవరు. బేతంచెర్ల నాపరాళ్లతో రాజస్థాన్ పోవడం, పాలరాయితో తిరిగిరావడం, ఇరవై రెండేళ్లుగా అదే బతుకు. కొత్తలో ఒక దాబా దగ్గర తోటి డ్రైవరు మిరియం గింజంత నల్లమందు చేతిలో పెట్టాడు.

"మింగప్పా. నడుము నొప్పి తెలీదు. గుండెకు బలం. షుగరు దగ్గరికి రాదు."

నొప్పి తెలియలేదు, నిజమే. ఏళ్లు గడిచేకొద్దీ మిరియం గింజ శనగ గింజంతయింది, రోజుకు రెండుసార్లయింది. ఈ సంగతి భార్య విశ్వాసమ్మకు తెలియదు. చర్చిలో అతన్ని సంఘపెద్దగా పెట్టుకున్నవాళ్లకు అసలే తెలియదు.

పోయిన వేసవిలో కర్నూలు నుంచి ఒక పరిశోధన బృందం లారీ స్టాండు షెడ్డులో దిగింది. నల్లమందు తినేవాళ్లలో బీపీ, షుగరు, కొవ్వు ఎలా ఉంటున్నాయో, గుండెకు ఏమవుతోందో తెలుసుకోవడానికి డ్రైవర్లను పరీక్షిస్తున్నారు. ప్రశ్నలడిగే అమ్మాయి పేరు సుప్రజ.

"బీడీ తాగుతావా అన్నా?"

"దినానికొక కట్ట."

"నల్లమందు?"

"లేదు మేడం."

"పేరు రాసుకోము, నంబరే. పోలీసులకు, లైసెన్సుకు ఏం సంబంధం లేదు."

"లేదంటాండా కదా!"

ఆమె లేదనే రాసుకుంది. బీపీ నూట ఎనభై దాటింది. ఈసీజీ కాగితం బయటికొచ్చాక సుప్రజ ముఖం మారింది. దాన్ని ఫొటో తీసి కర్నూలు డాక్టరుకు పంపింది.

"రొమ్ములో నొప్పి ఉందా? చెయ్యి లాగుతోందా?"

"ఏం లేదు. లోడు ఎక్కించి ఉండాది, నేను పోవల్ల."

"పోవద్దన్నా. గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదు. డాక్టరు వెంటనే పంపమంటున్నారు. ఇంత జరుగుతుంటే నీకు నొప్పి ఎందుకు తెలీడం లేదో!"

ఆ మాట పట్టించుకోనట్టే లేవి బయటికి నడిచి క్యాబిన్ ఎక్కాడు. చొక్కా చెమటకు వీపుకంటుకుంది. మొన్న సోలాపూర్ దగ్గర రొమ్ము మీద బండ పెట్టినట్టయింది. రెండింతలు మింగాడు, తగ్గింది. ఈ పొద్దున కూడా మింగాడు. తగ్గిందా? లేక తనకే తెలియడం లేదా? చెయ్యి అలవాటుగా సీటు కింది డబ్బీ మీదికి పోయింది. తీయలేదు. ఊపిరి బరువెక్కుతోంది. తలుపు పట్టుకుని కిందికి దిగి, తూలుకుంటూ షెడ్డుకొచ్చాడు.

"అబద్ధం చెప్పినా మేడం. ఇరవై ఏండ్లుగా తింటాండా. పొద్దున కూడా తినినా."

సుప్రజ తిట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరు చెప్పిన మాత్ర నమిలించింది. "ఆస్పత్రిలోనూ ఇదే చెప్పన్నా. వాళ్లకు తెలియకుండా ఉన్నట్టుండి నల్లమందు ఆగిపోతే ఒళ్లు తట్టుకోలేదు."

అంబులెన్స్ కదిలేలోపు కబురందిన విశ్వాసమ్మ పరుగున వచ్చి ఎక్కింది. కర్నూలు దారిలో వెల్దుర్తి దాటాక లోపలున్న ఉద్యోగి అడిగాడు: "మత్తు అలవాటు ఏమన్నా ఉందా?"

భర్త చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది విశ్వాసమ్మ. "బీడీ తప్ప ఏం లేదు సార్" అంది.

లేవి కళ్లు మూసుకున్నాడు. "నల్లమందు తింటా సార్."

ఆమె చేతులు వదిలేసింది. కర్నూలు వచ్చేదాకా మళ్లీ ముట్టుకోలేదు.

రక్తనాళంలో అడ్డు తీసి స్టెంటు వేశారు. అసలు నరకం ఆ తర్వాతే మొదలైంది. అలవాటు మాన్పించే వార్డులో ఒళ్లంతా నొప్పులు, వాంతులు, వణుకు. విశ్వాసమ్మ గంజి తెచ్చేది, తాగించేది, మాట్లాడేది కాదు. నాలుగోనాడు మాత్రం అడిగింది: "ఇన్నేండ్లు నాతో కాపురం చేసింది నువ్వా, అదా?"



డోన్ చేరాక సంఘపెద్దరికం తానే వదులుకున్నాడు. లారీ మానేసి పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్ల లెక్క చూస్తున్నాడు. నల్లమందు ముట్టక ఎనిమిది నెలలైంది. మొన్నొక సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "రొమ్ములో కొంచెం పట్టినట్టుండాది" అన్నాడు. విశ్వాసమ్మ కంచం పక్కకు తోసి, ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయింది. పరీక్ష చేసి గ్యాసే అన్నారు.

"గ్యాసుకే ఇంత పని చేస్తివే" అన్నాడు లేవి సిగ్గుపడుతూ.

"అయినా చెప్పు. ప్రతిసారీ చెప్పు" అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.